చిన్న వాషరు ఎప్పుడూ అడుగునే ఎందుకుంటుంది?

ఆయుధ పూజకు ముందు రోజు చెన్నై దగ్గరి అంబత్తూరు నుంచి ఆవడి, తిరునిన్రవూరు మీదుగా తిరువళ్లూరు దాకా రైలు కట్టకు అటూ ఇటూ ఉన్న చిన్న షెడ్లన్నిటిలో ఒకటే సందడి. లేత్ మిషన్లు తుడుస్తారు, నేల మీది నూనె జిడ్డు గీకుతారు, ఏడాదిగా ఎవరూ కదిలించని డబ్బాలను గోనెపట్టా మీద బోర్లిస్తారు. పాత పెయింటు డబ్బాలు, నూనె టిన్నును అడ్డంగా కోసి చేసిన తొట్లు, మూత పోయిన ఐస్‌క్రీం డబ్బాలు. గలగలమంటూ బోల్టులు, నట్లు, స్క్రూలు రాలతాయి. డబ్బాలో అట్టడుగున ఉన్న సరుకు ఇప్పుడు కుప్ప పైకి వస్తుంది. చూస్తే అన్నీ చిన్న వాషర్లు, సర్‌క్లిప్పులు, గ్రబ్ స్క్రూలు. ఆరు నెలల కిందట అర్జెంటు పని మీద గంటసేపు వెతికి, దొరక్క, కుర్రాణ్ణి అంగడికి పంపి మళ్లీ కొనుక్కొచ్చినవి సరిగ్గా అవే.

ఎప్పుడు కావాలన్నా చిన్నది అడుక్కే పోతుందని విసుక్కోని మెకానిక్కు ఉండడు. ఆ విసుగు వెనక ఒక భౌతికశాస్త్ర సంగతి ఉంది. ఏ సరుకుకు ఎలాంటి డబ్బా కావాలో తేల్చుకోవడానికి అక్కణ్ణుంచే మొదలుపెట్టడం మంచిది.

బొరుగుల పొట్లంలో జరిగేదే

మర్నాడు పూజ అయ్యాక పంచే ప్రసాదాన్ని చూడండి. బొరుగులు, పుట్నాల పప్పు, బెల్లం ముక్కలు కలిపి పొట్లాలు కడతారు. లోకల్ ట్రైన్లో కుదుపులు తిని ఇంటికి చేరేసరికి పొట్లంలో పైనంతా బొరుగులే ఉంటాయి. పుట్నాలు, బెల్లం పొడి కిందికి దిగిపోతాయి. పప్పు బరువు కాబట్టి దిగిందనుకుంటాం. బరువూ కొంత కారణమే. కానీ ఒకే ఇనుముతో చేసిన చిన్న గుండ్లు, పెద్ద గుండ్లు కలిపి కుదిపినా చిన్నవే అడుక్కి చేరతాయి. అసలు కిటుకు సందుల్లో ఉంది.

కుదిపిన ప్రతిసారీ కుప్ప మొత్తం రవ్వంత లేచి మళ్లీ కూర్చుంటుంది. లేచిన ఆ క్షణంలో ముక్కల మధ్య సందులు తెరుచుకుంటాయి. చిన్న సందు ఏర్పడడం తేలిక. పెద్ద సందు ఏర్పడాలంటే చుట్టూ ఉన్న ముక్కలు చాలా ఒకేసారి పక్కకు తప్పుకోవాలి, అది అరుదు. వాషరుకు చిన్న సందు చాలు, జారి కిందికి పోతుంది. పెద్ద బోల్టు కాస్త లేచినప్పుడు దాని కిందికి చిన్నవి దూరి కూర్చుంటాయి కాబట్టి అది పాత చోటికి తిరిగి రాలేదు, వెంట్రుకవాసి ఎత్తులో ఆగిపోతుంది. ఇలా వందల కుదుపులు గడిస్తే పెద్దవి పైకి, చిన్నవి కిందికి చేరతాయి. 1987లో రొసాటో, స్ట్రాండ్‌బర్గ్, ప్రింజ్, స్వెండ్‌సెన్ అనే నలుగురు శాస్త్రవేత్తలు కంప్యూటరులో ఈ కుదుపులను ఒక్కొక్కటిగా నడిపి చూపించారు. రకరకాల గింజలు కలిపిన డబ్బాలో అన్నిటికంటే పెద్దవైన బ్రెజిల్ గింజలు పైకి తేలతాయి కాబట్టి దీనికి ఆ గింజ పేరే స్థిరపడింది. మన ఇళ్లలో చాట పట్టి నూకలు చెరిగే చేతులకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు.

ఇప్పుడు కలగాపులగంగా నింపిన డబ్బాలో వెతికే మనిషిని ఊహించుకోండి. వేళ్లు పెట్టి కలుపుతాడు, డబ్బాను పట్టుకుని ఊపుతాడు. ఊపిన కొద్దీ అతనికి కావలసిన చిన్నది ఇంకా లోపలికి దిగుతుంది. వెతకడమే దాన్ని దాచిపెడుతోంది. మనిషి ఎంత ఓపికగలవాడైనా ఈ పందెంలో గెలవడు. అందుకే డబ్బా రంగు, కంపెనీ, ధర ఇవన్నీ చూడకముందే ఒక్కటి తేల్చుకోవాలి: ఒక డబ్బాలో ఒకే రకం సరుకు. వంటింట్లో పోపుల డబ్బా నడిచేది ఇలాగే. ఆవాలు, జీలకర్ర, మెంతులు ఒకే డబ్బాలో ఉంటాయి, కానీ ఎవరి గిన్నె వాళ్లదే. కలిసి వాడేవి పక్కపక్కన ఉంటాయి, కలిసిపోవు.

---

మీరే చేసి చూడండి

మూత ఉన్న గాజు సీసా తీసుకోండి. అడుగున ఒక వక్క గానీ పిల్లలాడుకునే గోలీ గానీ పెట్టండి. దాని మీద సీసా సగానికి పైగా బియ్యం పోయండి. మూత బిగించి, సీసాను నిలువుగా పట్టుకుని పైకీ కిందికీ కుదపండి. కాసేపట్లో గోలీ బియ్యం పైకి వచ్చి కూర్చుంటుంది. గోలీ బియ్యపు గింజ కంటే ఎంతో బరువైనది. అయినా పైకే వచ్చింది.

---

పది లీటర్ల డబ్బా, యాభై కిలోల బరువు

డబ్బా కొనేటప్పుడు చాలామంది చూసేది ఎంత పడుతుందని. చూడాల్సింది నిండితే ఎంత తూగుతుందని.

గుండ్రటి బేరింగ్ గుండ్లను డబ్బాలో పోస్తే అవి దాదాపు 64 శాతం చోటును నింపుతాయి, మిగిలిన 36 శాతం గాలి. ఉక్కు ఒక ఘనపు సెంటీమీటరు 7.85 గ్రాములు తూగుతుంది. లెక్క కట్టి చూస్తే ఒక లీటరు గుండ్లు సుమారు 5 కిలోలు. పది లీటర్ల డబ్బా, అంటే మామూలు బక్కెట్టు కంటే చిన్నది, 50 కిలోలు. అదే లీటరు చోటులో బొరుగులు పోస్తే వంద గ్రాములకు అటూ ఇటూ ఉంటాయి. డబ్బా ఒక్కటే, బరువులో తేడా యాభై రెట్లు. బోల్టులు గుండ్లలాగా ఒద్దికగా కూర్చోవు కాబట్టి కాస్త తక్కువే తూగుతాయి. అయినా పది లీటర్ల బోల్టుల డబ్బాను పై అరలోంచి ఒంటి చేత్తో దించబోతే నడుం పట్టేయడం ఖాయం.

మరి పెద్ద డబ్బా ఒకటి కొని అన్నీ అందులో పోస్తే చోటు కలిసి రాదా? ఇక్కడే లెక్క మనకు ఎదురు తిరుగుతుంది. డబ్బా పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెండింతలు చేస్తే పట్టే సరుకు ఎనిమిదింతలవుతుంది, మోసే అడుగు మాత్రం నాలుగింతలే పెరుగుతుంది. అంటే అడుగులో ప్రతి అంగుళం మీదా బరువు రెండింతలు పడుతుంది. అంతటితో ఆగదు. ఆధారాల మధ్య దూరం పెరిగితే పలక వంగడం చాలా జోరుగా పెరుగుతుంది, దూరం రెండింతలైతే వంపు పదహారింతలు. రెండూ కలిస్తే, ప్లాస్టిక్ మందం మార్చకపోతే, లెక్క ప్రకారం అడుగు 32 రెట్లు ఎక్కువ వంగుతుంది. పెద్ద డబ్బాల్లో ఇనుము పోసినవాళ్ల ర్యాకుల్లో అడుగులు చాపలాగా కిందికి వేలాడడం ఇందుకే. బరువైన సరుకుకు చిన్న డబ్బా, తేలికైన సరుకుకు పెద్ద డబ్బా పెట్టుకోవాలి. చూడగానే తిరకాసుగా తోస్తుంది గానీ సరైనది ఇదే.

ప్లాస్టిక్‌కు ఇంకో గుణం ఉంది. ఇవాళ మోసిన బరువును రేపూ అదే తీరుగా మోయదు. దాని లోపల పొడవాటి అణుగొలుసులు చిక్కుబడి ఉంటాయి. ఎడతెగకుండా బరువు పడుతుంటే ఆ గొలుసులు ఒకదాని మీద ఒకటి మెల్లగా జారతాయి. కొత్త నులక మంచం ఏడాది తిరిగేసరికి నడుమ గుంట పడినట్టే. వేడి ఎక్కువైతే ఆ జారడం ఇంకా తొందరగా సాగుతుంది. చిత్తిరై ఎండల్లో రేకుల షెడ్డు కింద పై అరలో ఉన్న డబ్బా పడే బాధ నేల మీది డబ్బాకు ఉండదు. అందుకే బరువైనవి కింద, నడుము ఎత్తుకు మించకుండా ఉంచుకోవాలి. ఒకదాని మీద ఒకటి పేర్చే డబ్బాలైతే పై డబ్బా బరువు కింది డబ్బా గోడల అంచు మీదుగా నేలకు దిగుతోందో లేదో చూసుకోండి. లోపలి సరుకు మీద ఆనుతుంటే ఆ పేర్పు నిలవదు.

ముందు గోడ పొట్టిగా ఎందుకు?

స్పేర్ పార్టుల కొట్లలో పసుపు, నీలం, ఎరుపు రంగుల్లో వరసగా కనిపించే డబ్బాలను గమనించండి. వెనక గోడ ఎత్తు, ముందు గోడ పొట్టి, ముక్కు కొద్దిగా బయటికి వాలి ఉంటుంది. ఒక డబ్బా మీద ఇంకొకటి పేర్చినా ముందునుంచి చెయ్యి దూరుతుంది. ఆ పొట్టి గోడ ఎత్తును నిర్ణయించేది సరుకు స్వభావమే. కళ్లంలో వడ్లు పోస్తే కుప్ప ఒక వాలులో నిలుస్తుంది, అంతకంటే నిటారుగా పోయాలన్నా నిలవక జారుతుంది. ప్రతి సరుకుకూ ఇలాంటి వాలు ఒకటి ఉంటుంది. గుండ్లు, ఆవాలు చదునుగా పారిపోతాయి. తలలున్న బోల్టులు, వంపులున్న క్లిప్పులు ఒకదానికొకటి తగులుకుని నిటారుగా నిలుస్తాయి. గుండ్లు ఉంచే డబ్బాకు ముందు గోడ ఎత్తుగా ఉండాలి, లేకపోతే అర కదిలిన ప్రతిసారీ నేల మీద ఏరుకోవాలి. బోల్టులకు పొట్టి గోడ చాలు.

స్ప్రింగుల సంగతి వేరు. లోతు డబ్బాలో పోసిన స్ప్రింగులు ఒకదాని చుట్టలో ఇంకొకటి దూరి, ఒకటి లాగితే పదిహేను వస్తాయి. విడదీయబోతే సాగిపోతాయి, సాగినది ఇక పనికిరాదు. వాటికి పల్చటి ట్రే కావాలి, ఒకటే పొరగా పరచాలి.

లోపలి మూలలు కూడా చేత్తో తడిమి చూడండి. పదునైన మూలలో చివరి వాషరు ఇరుక్కుంటే వేలికొన లోపలికి పోదు. మూల గుండ్రంగా ఉంటే వేలితో నెడితే గోడ మీదుగా పైకి వస్తుంది. గల్లాపెట్టెలో చిల్లర ఉంచే గిన్నెలు అడుగున గుండ్రంగా ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసిందా!

ఎండ, తేమ, నిప్పురవ్వ

మన దగ్గర దొరికే రంగు డబ్బాలు ఎక్కువగా పాలిప్రొపిలీన్‌తో చేసినవి. నీళ్ల కంటే తేలికైనది, నూనెకూ గ్రీజుకూ చెక్కుచెదరదు, పదే పదే వంచినా విరగదు. టూల్ పెట్టెల సొరుగుల్లో కనిపించే గాజులాంటి పారదర్శకమైన ప్లాస్టిక్ చాలావరకు పాలిస్టైరీన్. లోపల ఏముందో కనిపిస్తుంది, కానీ కింద పడితే పెటుక్కున పగులుతుంది, థిన్నరు పడితే కరుగుతుంది. బటన్లు, పూసలు, ఫ్యూజులకు బాగుంటుంది గానీ లేత్ షెడ్డుకు పనికిరాదు.

పాలిప్రొపిలీన్‌కు పెద్ద శత్రువు ఎండ. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు దాని గొలుసులను తెంపుతాయి. కిటికీ పక్కన పెట్టిన డబ్బా ముందు వెలిసి, తర్వాత సున్నం పూసినట్టు తెల్లబడి, ఒకరోజు చేతిలోనే పెళుసుగా విరుగుతుంది. నల్ల డబ్బాల్లో కలిపే మసి ఆ కిరణాలను తనే మింగి ప్లాస్టిక్‌ను కాపాడుతుంది.

ఇనుప సరుకుకు శత్రువు తేమ. గాలిలో తేమ 60 శాతం దాటితే తుప్పు ఒక్కసారిగా ఊపందుకుంటుంది, చెన్నై పరిసరాల్లో అంతకు మించిన తేమ మామూలే. డబ్బాకు గట్టి మూత పెడితే చాలనుకోవడం పొరపాటు. పగలు తేమగాలితో మూసిన డబ్బా రాత్రి చల్లబడితే ఆ తేమ లోపలి ఇనుము మీదే మంచులా దిగుతుంది. మూత పెట్టాలనుకుంటే లోపల సిలికా జెల్ పొట్లం గానీ, తుప్పును ఆపే ఆవిరిని వదిలే కాగితం గానీ ఉంచాలి. అవి లేకపోతే పల్చగా నూనె పూసి, గాలి ఆడేలా తెరిచి ఉంచడమే మేలు. గోనెగుడ్డ, అట్టముక్క అడుగున పరచకండి, అవి నీళ్లు పీల్చి పట్టుకుంటాయి.

శ్రీపెరుంబుదూరు వైపు ఫోన్లు బిగించే ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు మూడో శత్రువు తెలుసు. ప్లాస్టిక్‌కు ఏదైనా రాసుకుంటే స్థిర విద్యుత్తు పుడుతుంది. తలుపు గొళ్లెం తాకినప్పుడు మన వేలికి చురుక్కుమనాలంటే దాదాపు 3000 వోల్టులు కావాలి. కొన్ని సున్నితమైన చిప్పులు 100 వోల్టులలోపే పాడవుతాయి. అంటే మనకు తెలియకుండానే చంపేస్తాం. అలాంటి సరుకుకు విద్యుత్తును మెల్లగా నేలకు జార్చే ప్రత్యేకమైన డబ్బా కావాలి. దానిలోనూ కలిపేది కర్బనమే, కానీ రేణువులు ఒకదాన్నొకటి తాకుతూ దారి కట్టేంత ఎక్కువగా కలపాలి. ఎండకు ఓర్చుకోవడానికి కలిపే కొద్దిపాటి మసి అందుకు చాలదు. నల్లగా ఉన్న ప్రతి డబ్బా చిప్పులకు పనికొచ్చేది కాదు, కొనేముందు స్థిర విద్యుత్తు నుంచి కాపాడుతుందనే గుర్తు దాని మీద ఉందో లేదో చూసి తీసుకోండి.

పక్కపక్కనే ఉండకూడనివి

ఇంతవరకూ చెప్పినవన్నీ తప్పితే పోయేది డబ్బు, సమయం. డబ్బా ముందు నిలబడిన మనిషి చేతి తప్పు ప్రాణాల మీదికి తెచ్చిన సంఘటన ఒకటుంది.

1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మాలగాకు బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం 17,300 అడుగుల ఎత్తుకు చేరేసరికి కెప్టెన్ ముందున్న అద్దం ఊడిపోయింది. కెప్టెన్ సగం శరీరం బయటికి లాక్కుపోయింది. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని ఉండగా కో-పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్‌తో సహా అందరూ బతికారు.

విచారణలో తేలింది బోల్టుల సంగతి. అంతకు 27 గంటల ముందే ఆ అద్దం మార్చారు. బిగించిన 90 బోల్టుల్లో 84 సన్నవి, మిగిలిన ఆరు పొట్టివి. ఉండాల్సిన మందం 4.83 మిల్లీమీటర్లు, ఉన్నది 4.17. తేడా 0.66 మిల్లీమీటర్లు. మర చుట్ల మధ్య దూరం రెండిటికీ ఒకటే కావడంతో తప్పు బోల్టు కూడా సాఫీగా తిరిగింది. రాత్రి షిఫ్టులో ఆ బోల్టులు తీసిన మనిషి సొరుగుల మీది లేబుళ్లు చూడలేదు. ఊడదీసిన పాత బోల్టును సొరుగులోని బోల్టుల పక్కన పెట్టి కంటితో పోల్చుకున్నాడు. అక్కడ వెలుతురు తక్కువ, పైగా సొరుగు అందుకోవాలంటే తన ఒళ్లే దీపానికి అడ్డం వస్తుంది. అనుభవజ్ఞుడే. కన్ను, వేలు కలిసి చెప్పిన మాట నమ్మాడు.

మన షెడ్లలోనూ ఇలాంటి జంట ఒకటి ఉంది. ఎం8 బోల్టు మందం 8 మిల్లీమీటర్లు, 5/16 అంగుళం బోల్టు 7.94. తేడా 0.06 మిల్లీమీటరు, ఏ కన్నూ పట్టలేదు. కానీ మర చుట్ల మధ్య దూరం ఎం8కు 1.25 మిల్లీమీటర్లు, రెండోదానికి 1.41. ఒకదాని నట్టు ఇంకొకదానికి రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. తుప్పేమోననుకుని స్పానరుతో బలంగా తిప్పితే మర చెడిపోతుంది. ఇంకా ప్రమాదం ఏమిటంటే కొన్నిసార్లు బిగిసినట్టే అనిపిస్తుంది, తర్వాత లోడు పడ్డప్పుడు వదిలేస్తుంది. అంగుళాల కాలపు పాత యంత్రాలు, మెట్రిక్ కాలపు కొత్త యంత్రాలు ఒకే కప్పు కింద నడిచే చోట ఈ రెండు బోల్టులూ ఉండక తప్పదు. పెట్టేవాళ్లు సైజు వరసలో పక్కపక్కనే పెడతారు, చూడ్డానికి పద్ధతిగా ఉంటుంది. నా మటుకు అదే అన్నిటికంటే పెద్ద తప్పు. పోలికలున్నవాటిని ఎంత దూరం పెడితే అంత మంచిది. వేరే ర్యాకు, వేరే రంగు డబ్బా, వీలైతే వేరే గోడ. పొదటూరుపేట మరమగ్గాల దగ్గర కండెలు సర్దేవాళ్లకూ ఇదే చెబుతాను, ట్యూబు లైటు కింద ఒకేలా కనిపించే రెండు ఛాయలను పక్కపక్కన పెట్టకండి.

ఇక లేబులు. తిరుత్తణి ప్రాంతం 1960 దాకా ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు జిల్లాలో ఉండేది. ఇక్కడి షెడ్లలో ఓనరు ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడతాడు. మిషను మీది కుర్రాళ్లు బీహారు, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లు. లేబులు ఏ లిపిలో రాయాలి? దీనికి చక్కటి జవాబు ఉంది. డబ్బాలోని సరుకులోంచి ఒకదాన్ని తీసి డబ్బా మూతికే తీగతో కట్టేయండి. పక్కన పెద్ద అంకెల్లో సైజు రాయండి. వస్తువుకు అనువాదం అక్కర్లేదు, అంకెలు అందరివీ. కానీ 5390 విమానం గుర్తుంచుకుని, కట్టిన నమూనాతో కంటితో పోల్చి ఊరుకోకుండా అంకె చదివి తీసుకోవాలి.

---

రెండో సిలిండరు సూత్రం

ఎంత సరుకు ఉంచుకోవాలి? వంటింట్లో రెండు గ్యాసు సిలిండర్లుంటాయి. ఒకటి అయిపోగానే రెండోది తగిలించి, ఖాళీదానికి బుక్ చేస్తాం. లెక్కలు రాయం, తూచం. ఖాళీ సిలిండరే కబురు. చిన్న సరుకుకు కూడా అదే పద్ధతి: రెండు డబ్బాలు ఒకదాని వెనక ఒకటి. ముందుది ఖాళీ అయితే వెనకది లాగి, ఖాళీ డబ్బాను కొనుగోలు చూసేవాళ్ల బల్ల మీద పెట్టడమే. రోజుకు 40 బోల్టులు వాడతాం, కొత్తవి రావడానికి 5 రోజులు పడుతుందనుకుంటే వెనక డబ్బాలో 200 ఉండాలి. ఆలస్యమైతే ఆదుకోవడానికి ఇంకో 80 కలపండి. 280 పట్టే డబ్బా చాలు. జపాన్‌లో టోయోటా ఇంజనీరు తైచి ఓనో సూపర్‌మార్కెట్ అరలను చూసి ఇలాంటి ఆలోచనతోనే కాన్‌బాన్ పద్ధతిని 1953లో మెషీన్ షాపులో మొదలుపెట్టాడు.

---

మనసులో కట్టిన గుడి ఊళ్లో

తిరునిన్రవూరు పేరు వింటే శివభక్తులకు గుర్తొచ్చేది పూసలార్ నాయనార్. గుడి కట్టడానికి చేతిలో పైసా లేక ఆయన ద్రవ్యాన్ని, రాళ్లను, శిల్పులను అన్నిటినీ మనసులోనే సమకూర్చుకుని, మంచి రోజు చూసి, పునాది నుంచి శిఖరం దాకా మనసులోనే కట్టాడని పెరియపురాణం చెబుతుంది. ఆ కథకు గుర్తుగా ఊళ్లో హృదయాలీశ్వరుడి గుడి ఉంది. ఏ రాయి ఏ వరసలోదో ఒక్కటీ తప్పకుండా గుర్తుంచుకున్న ఆ మనసును తలచుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఈ చుట్టుపక్కల షెడ్ల ఓనర్లలోనూ సరుకంతా మనసులోనే ఉంచుకున్నవాళ్లున్నారు. ఏ డబ్బాలో ఏముందో చీకట్లో చెప్పగలరు. ఆ జ్ఞాపకశక్తికి నమస్కారం. కానీ నాయనార్ మనసులో కట్టిన గుడిలోకి వేరొకరు పనికి రావాల్సిన అవసరం లేదు. షెడ్డులోకి రాత్రి పది గంటలకు రెండో షిఫ్టు కుర్రాడు వస్తాడు. చేరి మూడు రోజులైంది. ఓనరు ఫోను ఎత్తడు. ట్యూబు లైటు ఒకటి వెలగదు. ఏ డబ్బా కొన్నా ఆ కుర్రాడి కంటితో చూసి, ఆ కుర్రాడి చేత్తో తడిమి కొనాలి.

ఈసారి ఆయుధ పూజకు డబ్బాలు బోర్లించినప్పుడు అన్నిటినీ మళ్లీ అందులోనే ఎత్తిపోయకండి. అంతా ఒక్కరోజులో సర్దలేరు, అవసరమూ లేదు. ముందు ఎం8 బోల్టులను ఒక పక్కకు, 5/16 బోల్టులను ఇంకో పక్కకు ఏరండి. అనుమానం వచ్చిన ప్రతిదానికీ మర గేజి పెట్టి చూడండి. రెండిటినీ రెండు రంగుల డబ్బాల్లో పోసి, షెడ్డులో ఎదురెదురు గోడలకు పెట్టండి. పసుపు కుంకుమ ఆ తర్వాత పెట్టండి.